చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు పీకు

(హోసూరులో జరిగిన యౌవనస్థుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



బల్లమీద బైబిలు పక్కన డ్రిల్ మిషన్ పెట్టానని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, పరవాలేదు. అయ్యగారు ఈ రోజు ప్రసంగం చేస్తారా, కరెంటు పని చేస్తారా అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు కూడా. రెండూ చేస్తాను. ఈ గంటసేపు మనం ఈ మిషన్ గురించే మాట్లాడుకుందాం.

ఇందాక మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగాను. ఈ మిషన్ పట్టుకుని పనిచేసేవాళ్ళు ఎంతమంది అంటే ఇరవై చేతులకు పైగా లేచాయి. ఏసీలు బిగించేవాళ్ళు, కర్టెన్ రాడ్లు వేసేవాళ్ళు, సీసీ కెమెరాలు పెట్టేవాళ్ళు, ఫాల్స్ సీలింగు, ప్లంబింగు, వడ్రంగం చేసేవాళ్ళు. మీలో సగం మంది తెల్లారకముందే బస్సెక్కి అత్తిబెలె దాటి బెంగళూరు అపార్టుమెంట్లకు పోయేవాళ్ళే. రెండో ప్రశ్న, దీన్ని ఎలా పట్టుకోవాలో మిమ్మల్ని కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. రెండే చేతులు లేచాయి. ఆ రెండూ ఐటీఐ చదివిన తమ్ముళ్ళవి.

ఎందుకిలా? మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బడిలో తమిళం చదువుకున్నాం. సైట్లో కన్నడం, హిందీ. మిషన్ పెట్టెలో వచ్చే పుస్తకం ఇంగ్లీషు. దాని మొదటి పేజీల్లో ఉండేవన్నీ జాగ్రత్తలే. కానీ ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటే చెత్తలోకి పోతుంది. హెల్పరుగా చేరిన కుర్రాడికి దొరికే చదువు ఒక్కటే, మేస్త్రి కేక. "ఒరేయ్, పట్టుకో. ఒరేయ్, నొక్కు. ఒరేయ్, తొందరగా."

తొందరగా అని కేకవేసేవాళ్ళలో మేస్త్రులే కాదు, పాస్టర్లు కూడా ఉంటారు. అది చెప్పాకే నాకు మిగతాది చెప్పే అర్హత వస్తుంది.

మూడేళ్ళ క్రితం క్రిస్మస్ ముందు రోజు. సాయంత్రం ఆరింటికి ఆరాధన. నాలుగున్నర అయినా కొత్త స్పీకరు గోడకెక్కలేదు. మన సంఘంలోని ఒక తమ్ముడు, అప్పటికి పంతొమ్మిదేళ్ళు, డ్రిల్లు తెచ్చాడు. నిచ్చెన బయట స్టారు కట్టేవాళ్ళ దగ్గరుంది. "అయ్యగారూ, నిచ్చెన రానివ్వండి" అన్నాడు. "రెండే కన్నాలు కదా తమ్ముడూ, ఎంతసేపు?" అని ప్లాస్టిక్ కుర్చీ జరిపింది నేనే. స్విచ్‌బోర్డుకు సూటిగా పైన గోడమీద పెన్సిలు గుర్తు పెట్టింది కూడా నేనే. అక్కడైతే వైరు కనబడకుండా ఉంటుందని.

వాడు కుర్చీ ఎక్కి, మోకాలు కిటికీ ఇనుప గ్రిల్లుకు ఆనించి, కుడి చేత్తో ట్రిగ్గరు, ఎడమ చేత్తో మిషన్ మెడ దగ్గర ఇనుప భాగం పట్టుకున్నాడు. పక్క హ్యాండిలు పెట్టెలోనే ఉంది. బిట్టు గోడలోకి పోయి లోపలున్న వైరును కోసింది. షాక్ కొట్టి వెనక్కి పడ్డాడు.

దేవుని కృపవల్ల బతికాడు. కుడి మణికట్టు విరిగింది. మూడు నెలలు పనికి పోలేదు. మూడో రోజు నేను ఇంటికి వెళ్తే వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "దేవుని పనిలో పడ్డాడు అయ్యగారూ, దేవుడే చూసుకుంటాడు" అంది. ఆవిడ తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. వాడి కూలి డబ్బు సంఘమే ఇచ్చింది. కానీ అడగకుండా ఇవ్వలేదు. నలుగురు కుర్రాళ్ళు కమిటీ ముందు నిలబడి అడిగాక ఇచ్చింది. ఆ నలుగురిలో ముగ్గురు ఇక్కడ కూర్చున్నారు.

తర్వాత నాకు పదే పదే గుర్తొచ్చిన వాక్యం ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం, 8వ వచనం. కొత్త ఇల్లు కట్టించేవాడు పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే అక్కడినుంచి ఎవరైనా పడితే ఆ రక్తాపరాధం ఆ ఇంటిమీదికి వస్తుంది అనేది దాని సారం. గమనించండి, ఆ ఆజ్ఞ పడినవాడితో మాట్లాడటం లేదు. "చూసుకుని నడవాలి కదా" అనడం లేదు. కట్టించినవాడితో మాట్లాడుతోంది. ఎవరో పడకముందే గోడ కట్టమంటోంది. ఆ రోజు మందిరంలో కట్టించినవాణ్ణి నేను. పిట్టగోడ లేదు.

అందుకే ఈ రోజు మనం ఈ మిషన్‌కు పిట్టగోడ కడదాం. ఒక్కొక్క ఇటుకే పేర్చుకుంటూ వెళ్దాం.

మొదటి ఇటుక: ప్లగ్గు.

నా ప్రసంగమంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. బిట్టు పెట్టాలన్నా, తీయాలన్నా, ఇరుక్కున్నది లాగాలన్నా, హ్యాండిలు బిగించాలన్నా, చెయ్యి చక్కు దగ్గరకు పోయే ముందు ప్లగ్గు గోడనుంచి బయటికి రావాలి. స్విచ్ ఆపితే చాలదు. పక్కవాడు ఫోను చార్జింగుకు పెట్టుకోబోయి అదే స్విచ్ నొక్కుతాడు. బ్యాటరీ మిషన్ అయితే బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టండి. పద్దెనిమిది వోల్టులే కదా అనుకోవద్దు. షాక్ కొట్టకపోవచ్చు గానీ వేలు మెలితిప్పే బలం దానికి బాగా ఉంది.

చక్ కీని ఎక్కడ పెట్టుకుంటున్నారు? జేబులో, చెవి వెనక, కొందరు చక్కులోనే వదిలేస్తారు. చక్కులో కీ ఉండగా ట్రిగ్గరు నొక్కితే ఆ కీ రాయిలా ఎగిరి మొహానికి తగులుతుంది. కీని వైరుకు, ప్లగ్గు పక్కనే కట్టండి. దానికి రబ్బరు హోల్డరు దొరుకుతుంది. అప్పుడు కీ కావాలంటే ప్లగ్గు చేతిలోకి రావాల్సిందే. మరిచిపోదామన్నా మరిచిపోలేరు.

రెండో ఇటుక: సరైన బిట్టు, సరైన బిగింపు.

ఈ బల్లమీద నాలుగు రకాల బిట్టులు పెట్టాను. కొన చూసి గుర్తుపట్టండి. కొనకు చిన్న పలకలాంటి ముక్క అతికించి, ఒంటికన్నా తల కొంచెం వెడల్పుగా ఉంటే అది సిమెంటు బిట్టు. ఆ ముక్క టంగ్‌స్టన్ కార్బైడ్. ఇటుక, కాంక్రీటు, రాయి దీని పని. కొన పదునుగా, మెలికల అంచులు కత్తిలా ఉంటే అది ఇనుముకు వాడే హెచ్‌ఎస్‌ఎస్ బిట్టు. మధ్యలో సూదిలాంటి మొన ఉంటే అది చెక్క బిట్టు. తెడ్డులా వెడల్పుగా ఉంటే అది కూడా చెక్కకే, పెద్ద కన్నాలకు. ఇనుము బిట్టును గోడలో పెడితే క్షణంలో మొద్దుబారుతుంది. అప్పుడు మనం ఒళ్ళంతా బరువేసి నొక్కుతాం. నొక్కినప్పుడు బిట్టు విరుగుతుంది, మనం గోడమీదికి తూలుతాం. ప్రసంగి 10వ అధ్యాయం 10వ వచనం చెప్పేది ఇదే సంగతి. మొద్దుబారిన ఇనుముకు ఎక్కువ బలం పెట్టాలి, జ్ఞానమున్నవాడు ముందే పదును చూసుకుంటాడు.

ఇప్పుడు బిగించడం. మామూలు చక్కులో మూడు దవడలుంటాయి. ప్లగ్గు పీకి, చక్కు తెరిచి, బిట్టు నున్నటి కాడను లోపలికి పెట్టండి. దవడలు పట్టుకోవాల్సింది నున్నటి కాడను, మెలికలను కాదు. సన్నటి బిట్టు అయితే అది మూడు దవడల మధ్యన ఉందా, రెండింటి సందులో ఇరుక్కుందా చూడండి. సందులో ఇరుక్కున్నది తిరిగేటప్పుడు వంకరగా ఊగి విరుగుతుంది. ముందు చేత్తో బిగించి, తర్వాత కీతో బిగించండి. చక్కు చుట్టూ మూడు రంధ్రాలున్నాయి. మనలో చాలామంది ఒక్క రంధ్రంలోనే కీ తిప్పి వదిలేస్తారు. మూడింటిలోనూ తిప్పితే పట్టు సమంగా వస్తుంది. కీ తీసేశామా అని చూసుకుని, అప్పుడు ప్లగ్గు పెట్టి, బిట్టు మొహానికి దూరంగా ఉంచి గాలిలో రెండు మూడు సెకన్లు తిప్పండి. ఊగుతోందంటే ఆపి మళ్ళీ బిగించండి.

కీ లేని చక్కులుంటాయి, చేత్తో తిప్పి బిగించేవి. వాటికి మన సైట్లలో ఒక చెడ్డ అలవాటుంది. చక్కును ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, కుడిచేత్తో ట్రిగ్గరు నొక్కి మిషన్ చేతే బిగింపజేస్తారు. చూసేవాళ్ళకు ఇది పనితనంలా కనిపిస్తుంది. అరచేతి తోలు ఊడొచ్చేదీ, బొటనవేలు మెలితిరిగేదీ ఇలాంటప్పుడే. మానేయండి.

కాంక్రీటు పనికి పెద్ద హామర్ మిషన్లు వస్తాయి. వాటి బిట్టు కాడకు గాడులు కోసి ఉంటాయి. దాన్ని ఎస్‌డీఎస్ అంటారు. చిన్నవాటిలో ఎక్కువగా ఉండేది ఎస్‌డీఎస్ ప్లస్, దాని కాడ మందం 10 మిల్లీమీటర్లు. దీనికి కీ ఉండదు. కాడ తుడిచి, కొంచెం గ్రీజు రాసి, లోపలికి నెట్టి మెల్లగా తిప్పితే టక్ మని కూర్చుంటుంది. ఒకసారి బయటికి లాగి చూడండి, రాకూడదు. కొంచెం ముందుకూ వెనక్కీ ఆడుతుంది, అది దాని తీరే, భయపడొద్దు. తీయాలంటే మెడ దగ్గరి తొడుగును వెనక్కి లాగాలి. గాడుల బిట్టును మామూలు చక్కులో బిగించొద్దు. ఆ మిషన్‌కు అడాప్టరుతో మామూలు చక్కు తగిలిస్తే హామర్ మోడ్ ఆపి వాడండి. ఆ చక్కు దెబ్బలకు తట్టుకునేలా చేసింది కాదు.

మిషన్ మీద రెండు బొమ్మలుంటాయి. సుత్తి బొమ్మ, బిట్టు బొమ్మ. సుత్తి బొమ్మ గోడకే. చెక్కకు, ఇనుముకు, టైలుకు బిట్టు బొమ్మమీద పెట్టండి. బాత్‌రూము టైలు మీద పేపరు టేపు అంటించి, నెమ్మదిగా, సుత్తి లేకుండా మొదలుపెట్టి, టైలు దాటాక సుత్తి పెట్టుకోండి. మోడ్ మార్చాలన్నా, తిరిగే దిక్కు మార్చాలన్నా మిషన్ పూర్తిగా ఆగాకే.

ఇంకో మాట. డ్రిల్లుకు వైరుబ్రష్షు, పాలిష్ ప్యాడు, పెయింటు కలిపే గరిటె తగిలిస్తాం. తగిలించే ముందు దానిమీద రాసిన గరిష్ఠ వేగం చూడండి. అది మన మిషన్ వేగంకన్నా ఎక్కువ ఉండాలి. గ్రైండరులో పెట్టే కటింగు చక్రాన్ని మాత్రం డ్రిల్లుకు ఎప్పుడూ తగిలించొద్దు. గ్రైండరుకు చక్రం మీద గార్డు ఉంటుంది, డ్రిల్లుకు లేదు. చక్రం పగిలితే ముక్కలు పోయేది మన మొహంమీదికే.

మూడో ఇటుక: పక్క హ్యాండిలు.

ఈ నల్లటి హ్యాండిలును చాలామంది అలంకారం అనుకుని పెట్టెలో వదిలేస్తారు. ఇది రెండు పనులు చేస్తుంది. కాంక్రీటులో బిట్టు ఇనుప చువ్వకు తగిలి ఒక్కసారిగా పట్టేసిందనుకోండి. బిట్టు తిరగలేదు కాబట్టి మిషనే తిరుగుతుంది. ఒక చేత్తో పట్టుకుంటే మణికట్టు దానితో పాటే తిరుగుతుంది. హ్యాండిలు ఉంటే రెండో చెయ్యి దాన్ని ఆపుతుంది. ట్రిగ్గరును నొక్కినట్టే ఉంచే లాకు బటను చేతిపనికి వాడొద్దు. బిట్టు పట్టేసిన క్షణంలో మిషన్ ఆగాలంటే వేలు వదిలితే చాలన్నట్టుండాలి.

రెండో పని కరెంటుకు సంబంధించింది. మిషన్ మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉందా చూడండి. దానర్థం లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ఎర్తు అవసరం లేదు అని. కానీ ఆ ఇన్సులేషన్ మిషన్ లోపలి కరెంటునుంచే కాపాడుతుంది. బిట్టు గోడలోని వైరును కోస్తే కరెంటు బిట్టులోకి, చక్కులోకి, మెడ దగ్గరి ఇనుప భాగంలోకి వస్తుంది. ఆ రోజు మన తమ్ముడి ఎడమచెయ్యి ఉన్నది అక్కడే. హ్యాండిలు మీద ఉండి ఉంటే ఆ కరెంటు వాడి ఒంట్లోకి వచ్చేది కాదు.

నాలుగో ఇటుక: గోడ వెనక ఏముంది?

స్విచ్‌బోర్డునుంచి వైరు ఎటు పోతుంది? మామూలుగా సూటిగా పైకి, లేదా కిందికి, లేదా పక్కకు. కాబట్టి స్విచ్‌బోర్డుకు, ప్లగ్ పాయింటుకు, లైటు పాయింటుకు నిటారుగా గానీ అడ్డంగా గానీ ఉన్న వరసలో కన్నం వేయొద్దు. గోడకు అవతలివైపు కూడా చూసి రండి. అవతల బాత్‌రూమైతే కుళాయికి, గీజరుకు పోయే పైపులుంటాయి. అనుమానముంటే ఆ గది ఎంసీబీ దింపేసి, టెస్టరు పెట్టి చూసి, వేరే గదినుంచి ఎక్స్‌టెన్షన్ తెచ్చుకోండి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టలా ఉంటే పూర్తిగా విప్పండి. చుట్టలోనే ఉంచి పెద్ద మిషన్ నడిపితే వేడెక్కుతుంది.

ఎంసీబీ ఉంది కదా అని ధైర్యంగా ఉండొద్దు. ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది. మనిషి ప్రాణం తీసే కరెంటు దాన్ని పడగొట్టేంత ఉండదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. మన ఎలక్ట్రీషియన్లు ఈఎల్‌సీబీ అని కూడా అంటారు. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టించాలి. మధ్యలో టెస్ట్ బటను ఉంటుంది, నొక్కితే పడిపోవాలి, అప్పుడప్పుడు నొక్కి చూడండి. ఆ క్రిస్మస్‌కు మందిరంలో అది లేదు. ఇప్పుడు ఉంది. మన ఇళ్ళల్లో ఉందా? సైట్లో ఉందా? లేదంటే పక్కన పెట్టుకునే చిన్న బోర్డుకైనా పెట్టించుకోవచ్చు.

వైరు చివర్లు ఊడదీసి సాకెట్లో అగ్గిపుల్లలతో గుచ్చడం, మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టడం, ఈ రెండూ మన చేతులతో మన పిట్టగోడను కూలగొట్టుకోవడమే. ఇనుప ఒళ్ళున్న పాత మిషన్లకు ఎర్తు తప్పనిసరి. తడి చేతులతో, తడి నేలమీద పని మొదలుపెట్టొద్దు.

ఐదో ఇటుక: మన ఒళ్ళు.

నిలబడేందుకు నిచ్చెన కావాలి, కింద ఒకరు పట్టుకోవాలి. ప్లాస్టిక్ కుర్చీ భోజనాలకు. మెడలో సిలువ గొలుసు, ఐడీ కార్డు తాడు, చేతికి కట్టిన దారాలు, గాజులు, చున్నీ, ఇయర్‌ఫోను వైరు, విరబోసిన జుట్టు, ఇవన్నీ తిరిగే బిట్టు లాగేసుకునేవే. తీసేయండి, లేదా లోపలికి దోపేయండి. వదులు గ్లోవ్స్ కూడా అంతే. కాపాడతాయనుకుంటాం, బిట్టు దారం పట్టుకుందంటే చేతినీ లాక్కుపోతుంది. చిన్న ఇనుపముక్కకు కన్నం వేయాలంటే చేత్తో పట్టుకోవద్దు, క్లాంపులో బిగించండి. బిట్టు అవతలికి బయటపడే చివరి క్షణంలోనే ఇనుపముక్క గిర్రున తిరుగుతుంది. అప్పుడు బలం తగ్గించాలి.

కళ్ళకు గాగుల్స్ పెట్టుకోండి. చూపు అద్దాలు గాగుల్స్ కావు, పక్కలనుంచి రవ్వలు వస్తాయి. సీలింగుకు కన్నం వేసేటప్పుడు బిట్టుకు ఒక పేపరు గ్లాసు గుచ్చండి, దుమ్మంతా అందులో పడుతుంది. హామర్ మోడ్‌లో చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి.

దుమ్ము గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కన్నం వేశాక మనమంతా నోటితో ఊదుతాం కదా? ఇటుకలో, కాంక్రీటులో, టైలులో, మన కృష్ణగిరి గ్రానైటులో సిలికా ఉంటుంది. కంటికి కనబడనంత సన్నని ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌కు నయంచేసే మందు లేదు. మనకు దూరంలో లేని కోలార్ బంగారు గనులను తలచుకోండి. 2001లో మూతపడేదాకా అక్కడ చిత్తూరు వైపునుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు, ఉత్తర ఆర్కాడు నుంచి వెళ్ళిన తమిళులు తరతరాలు పనిచేశారు. భూమి లోపల రాతికి డ్రిల్లుతో కన్నాలు వేయడం ఆ పనిలో పెద్ద భాగం. ఆ దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో రొమ్ము పట్టేసినవాళ్ళు అక్కడ ఎందరో. మన చేతిలోది చిన్న మిషన్, నిజమే. కానీ రోజుకు యాభై కన్నాలు, పదేళ్ళు లెక్కవేసుకోండి. ఎన్95 మాస్కు పెట్టుకోండి. కన్నంలోని పొడిని బ్రష్షుతో గానీ చిన్న గాలి పంపుతో గానీ తీయండి. గది పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇక చివరి ఇటుక. ఇది కార్మికుడొక్కడే పెట్టగలిగేది కాదు.

ఇప్పటిదాకా చెప్పినవి విని ఎవరైనా మేస్త్రి, "చూశావా, అయ్యగారే చెప్పారు, జాగ్రత్తగా ఉండాల్సింది నువ్వే" అంటే, దయచేసి నా ప్రసంగాన్ని అలా వాడుకోనివ్వకండి. గాగుల్స్, మాస్కు, నిచ్చెన, మంచి బిట్టు, ఈఎల్‌సీబీ ఉన్న బోర్డు, ఇవి పని చేయించుకునేవాడు ఇవ్వాల్సినవి. రోజుకూలి మీద బతికే కుర్రాడి జేబులోంచి రావాల్సినవి కావు. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలనే చట్టం మన దేశంలో 1923లోనే వచ్చింది. కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి పైన ఉన్న అసలు యజమాని కూడా బాధ్యుడే అనే సూత్రం అప్పుడే అందులో పెట్టారు. ఆసుపత్రి ఖర్చుకని చేతిలో రెండువేలు పెట్టి బస్సెక్కించడం పరిహారం కాదు. 1996లో వచ్చిన కేంద్ర చట్టం నిర్మాణ కార్మికులకు సంక్షేమ బోర్డుల పద్ధతి పెట్టింది. 18 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉండి, ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్ళు పేరు నమోదు చేసుకోవచ్చని అందులో రాశారు. సిమెంటు పనివాళ్ళకే అనుకోవద్దు, కరెంటు, ప్లంబింగు, వడ్రంగం, పెయింటింగు చేసేవాళ్ళకు కూడా. ఏ సైట్లో ఏ రోజు పనిచేశారో ఫోనులో రాసుకోండి. కూలి పంపిన మెసేజులు, కాంట్రాక్టరు వాట్సాప్‌లో పంపిన అడ్రసు చెరిపేయకండి. అవసరం వచ్చినప్పుడు అవే మన సాక్షులు. కాగితాలు నింపడం రానివాళ్ళు ఆదివారం ఆరాధన తర్వాత నా దగ్గరకు రండి, కలిసి నింపుదాం.

తమ్ముళ్ళారా, "నిచ్చెన రానివ్వండి" అనే మాటకు ధైర్యం కావాలి. ఆ రోజు మన తమ్ముడు ఆ మాట అన్నాడు. నేను వినలేదు. పాస్టరుగారి మాట కాదనలేక కుర్చీ ఎక్కాడు. అందుకే మీకు ఒక అనుమతి ఇస్తున్నాను. మందిరం పనిలోనైనా, నేను చెప్పినా, కమిటీ పెద్దలు చెప్పినా, భద్రం కాదనిపిస్తే మిషన్ కింద పెట్టేయండి. దాన్ని అవిధేయత అని ఎవరూ అనకూడదు. పెద్దలారా, మీరు కూడా విన్నారు కదా. యేసు ప్రభువు తన ఊళ్ళో వడ్లవాడని పేరున్నవాడు. మార్కు 6:3 చదవండి. పనిముట్టు పట్టిన చేతుల విలువ ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

మీరు ఇక్కడ నేర్చుకున్నది రేపు సైట్లో పక్కవాడికి నేర్పండి. ఒడిశానుంచో బీహారునుంచో నిన్ననే వచ్చిన కుర్రాడు మీ పక్కన ఉంటాడు. అతనికి మన భాష రాదు, మనకు అతని భాష రాదు. ప్లగ్గు పీకి చూపించడానికి భాష అక్కర్లేదు.

ఇక మాటలు చాలు. పక్క గదిలో బల్లమీద ఇటుకలు, చెక్కముక్కలు, రెండు మిషన్లు పెట్టాం. గాగుల్స్ కూడా ఉన్నాయి. చెల్లెళ్ళూ, మీరు కూడా రండి, ఇంట్లో మేకు కొట్టడానికి ఎవరికోసమో ఎందుకు ఎదురుచూడాలి? బిట్టు బిగించడం మీకు చూపించబోయేది నేను కాదు. ఆ రోజు కుర్చీమీదనుంచి పడిన తమ్ముడే. అతని మణికట్టు ఇప్పుడు బాగుంది. అతను మిషన్ చేతిలోకి తీసుకోగానే మొట్టమొదట ఏం చేస్తాడో కళ్ళు తెరుచుకుని చూడండి.

దేవుడు మీ చేతుల కష్టాన్ని ఆశీర్వదించును గాక. ఆ చేతులను కాపాడును గాక. ఆమేన్.